మ్యాక్‌లో ఉన్నవే హోమ్‌బ్రూ మళ్లీ దింపడం ఎందుకు?

ప్రశ్న: బ్యాష్ (కమాండ్లు, స్క్రిప్టులు నడిపేది), కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చేది), ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) మ్యాక్‌ఓఎస్‌తోనే వస్తాయి కదా. ప్రోగ్రాములు దింపి పెట్టే టూల్ హోమ్‌బ్రూలో ఇంకో కాపీ ఎందుకండీ? ఏది నడుస్తోందో తెలియని అయోమయం తప్ప లాభమేంటి?

జవాబు 1: కాపీ ఉండాల్సిందేనండి. యాపిల్ బ్యాష్ 3.2 దగ్గరే ఆగింది. 4 నుంచి లైసెన్సు జీపీఎల్ 3 కావడమే దానికి కారణమంటారు. స్క్రిప్టులో అసోసియేటివ్ అర్రే (పేర్లతో విలువలు దాచే పట్టిక) కోసం 'డిక్లేర్ -ఏ' (పెద్ద ఏ) రాస్తే 3.2 'ఇన్‌వాలిడ్ ఆప్షన్' అంటుంది. పైగా సిస్టమ్‌లో ఉన్నది రేపు ఉంటుందన్న భరోసా లేదు: 2022లో మ్యాక్‌ఓఎస్ 12.3 అప్‌డేట్‌తో పైథాన్ 2.7 పోయింది, దాన్ని నమ్ముకున్న స్క్రిప్టులన్నీ ఆగాయి.

జవాబు 2: ఒప్పుకుంటాను, కానీ కాపీ చాటున ఉండాలి. హోమ్‌బ్రూ కర్ల్, ఎస్‌క్యూలైట్‌లను అందుకే 'కెగ్-ఓన్లీ'గా ఉంచుతుంది, పాత్‌లోకి (కమాండ్ల కోసం సిస్టమ్ వరుసగా వెతికే ఫోల్డర్ల జాబితా) లింక్ చేయదు. కావాల్సినవాళ్లు /ఆప్ట్/హోమ్‌బ్రూ/ఆప్ట్/కర్ల్/బిన్‌ను పాత్‌లో ముందు పెట్టుకోవాలి (ఇంటెల్ మ్యాక్‌లో /యూఎస్ఆర్/లోకల్ కింద). బ్యాష్ మాత్రం లింక్ అవుతుంది. అయినా స్క్రిప్టు మొదటి వరుసలో /బిన్/బ్యాష్ ఉంటే నడిచేది 3.2నే! అక్కడ /యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ బ్యాష్ రాయండి, పాత్‌లో ముందున్న బ్యాష్ నడుస్తుంది.

జవాబు 3: 'టైప్ -ఏ బ్యాష్' (ఇక్కడ చిన్న ఏ) కొడితే రెండూ వరుసగా కనిపిస్తాయి, పైది నడిచేది. /బిన్‌లోది తీసేయాలని చూడకండి, సిస్టమ్ ఫైళ్లను కాపాడే సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ ఎలాగూ ఒప్పుకోదు.