వారిపర్ణీ ‘చ’నా, ‘తు’నా? కుంభిక అంటే గుర్రపుడెక్కేనా?

కొల్లేటి గట్టు: చిన్నప్పుడు తాతగారు వల్లె వేయించిన అమరం (అమరసింహుడి సంస్కృత పర్యాయపదాల నిఘంటువు) ముక్క ఒకటి నిన్నటి నుంచి వదలడం లేదు: ‘వారిపర్ణీ చ కుంభికా’. రెండూ ఒకే నీటిమొక్క పేర్లు. మా కాలువ నిండా గుర్రపుడెక్క. ఒక మొక్క లాగి చూస్తే కాడ నడుమ బుల్లి కుండలా ఉబ్బి ఉంది. అమరసింహుడు చెప్పిన కుంభిక ఇదేనా?

అమరం అభిమాని: ‘తు’ అండీ. ‘శాలూకమేషాం కందః స్యాద్వారిపర్ణీ తు కుంభికా’. ‘త్వంతాథాది న పూర్వభాక్’ అని ఆయనే మొదట్లో నియమం చెప్పుకున్నాడు కదా. ‘తు’ తగిలిన పదం వెనకటి దానితో కలవదు. ‘చ’ (మరియు) అని చదివారంటే వారిపర్ణి వెళ్లి ముందున్న శాలూకంతో, అంటే కలువదుంపతో కలుస్తుంది. నీళ్లలో తేలే మొక్కకు దుంప ఎక్కడిది?

ఈనె: ‘తు’ సంగతి ఎలా తేలినా గుర్రపుడెక్క మాత్రం కాదు. అది అమెజాన్ ప్రాంతపు మొక్క. బెంగాల్‌కు చేరిందే 19వ శతాబ్దం చివర్లో, అదీ పూల అందం కోసం తెస్తే. కుంభిక మన అంతరతామర. దానికి కాడ ఉండదు. లేతాకుపచ్చ ఆకులు ఒకే మొదట్లోంచి పువ్వులా విచ్చుకుంటాయి. ఆకు మీద సన్నని నూగు, పొడవునా ఉబ్బెత్తు ఈనెలు. నీటిబొట్టు పడితే ముత్యంలా జారిపోతుంది. డెక్క ఆకు నున్నగా మెరుస్తుంది. పువ్వు లేత ఊదా, పై రేకు మీద పసుపు మచ్చ.

కొల్లేటి గట్టు: మరి అంతరతామరలో కుండ ఏది?

ఈనె: ఆకు తిరగేయండి. మొదట్లో ఉబ్బినట్టు మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. నా లెక్కలో కుంభం అదే. ఇంకో మాట: డెక్కను బుడ్డను బట్టి గుర్తు పట్టాలనుకుంటే మోసపోతారు. ఒత్తుగా పెరిగిన చోట కాడలు మూరెడు సాగి బుడ్డే కనిపించదు. వేళ్లు చూడాలి, నల్లటి ఈకల కుచ్చులా వేలాడుతుంటాయి.

అమరం అభిమాని: కుంభమంటే ఏనుగు కుంభస్థలం కూడా. ఈనెలు లేచిన ఆ గుండ్రటి ఆకు అంచు చూసే పేరు పెట్టి ఉంటారని నా నమ్మకం. ‘అంతర’ అన్నదీ ఆలోచించాలి. నేలకు అంటకుండా నడుమ వేలాడేది కాబట్టే ఆ పేరు వచ్చిందనుకుంటాను. దాన్ని ‘అంతర్తామర’ అని దిద్దేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

శాకుంతల ప్రియ: అమరంలో ఆ వెంటనే వచ్చేది ‘జలనీలీ తు శైవాలం’. అక్కడా ‘తు’నే! అసలు చిక్కు ఆ శైవలంతోనే. శాకుంతలంలో ‘సరసిజమనువిద్ధం శైవలేనాపి రమ్యం’ (శైవలం చుట్టుకున్నా తామర అందమే) అన్న కాళిదాసు ఏ మొక్కను చూశాడు? అందరూ పాచి అనేస్తారు. ‘అనువిద్ధం’ అంటే చుట్టూ అల్లుకున్నది. జారిపోయే పాచి తామరను ఎలా అల్లుకుంటుంది? దారాల్లా సాగే నాచు అయి ఉండాలి. నారచీర చుట్టుకున్న శకుంతలకు పోలిక కుదరాలంటే పోగులు ఉండాలి కదా.

అమరం అభిమాని: పోగులు ఎందుకండీ? ‘మలినమపి హిమాంశోర్లక్ష్మ’ (నల్లనిదైనా చంద్రుడి మచ్చ అందమే) అని ఆ పక్కనే ఉంది, చంద్రుడి మచ్చకు పోగులున్నాయా? ఆయన చూసింది రంగును.

శాకుంతల ప్రియ: రంగే అయితే ‘అనువిద్ధం’ వాడడు. కాళిదాసు మాటను ఊరికే పెట్టడు.

కొల్లేటి గట్టు: ఇప్పుడే వెళ్లి ఇంకో మొక్క లాగాను. కాడ పొడుగ్గా ఉంది, బుడ్డ లేదు, వేళ్లు నల్లగా ఉన్నాయి. దాని సందులోనే అరచేయంత అంతరతామర కూడా దొరికింది. అయినా తాతగారు ‘చ’ అనే చెప్పించారు, ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది.