ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ: ఇసుక తిన్నెలు కట్టడాలుగా వస్తున్నాయి, ఎక్కడి నుంచి సరిచేసుకోవాలి?

పటమట_నివాసి:
సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ సొంతంగా నేర్చుకుంటున్నాను. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో సెంటినెల్-2 (యూరప్ ఉపగ్రహం) చిత్రం తెరిచి విజయవాడ పరిసరాలను నీరు, పైరు, కట్టడాలు, ఖాళీ నేల అని వర్గీకరిస్తే, ప్రకాశం బ్యారేజీకి దిగువనున్న ఇసుక తిన్నెలలో చాలా భాగం కట్టడాల కింద వస్తోంది. శిక్షణ నమూనాలు (ఏది నీరో, ఏది కట్టడమో సాఫ్ట్‌వేర్‌కు ముందుగా గుర్తించి చూపే మచ్చులు) పెంచినా ఫలితం మారలేదు. ఇది సాఫ్ట్‌వేర్ సమస్యా, లేక కోర్సులో చేరితే తప్ప తెలియని విషయమా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

తెనాలి_మాగాణి:
సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టనక్కరలేదు. పొడి ఇసుక, సిమెంటు శ్లాబు కంటికి కనిపించే కాంతినీ, సమీప పరారుణ కాంతినీ దాదాపు ఒకే తీరుగా వెనక్కి పంపుతాయి కాబట్టి, ఒక్క తేదీ చిత్రంతో వాటిని విడదీయడం కష్టం. మే నెల చిత్రానికి, బ్యారేజీ గేట్లు ఎత్తిన తరువాత దొరికిన మబ్బులేని చిత్రాన్ని జతచేసి వర్గీకరించండి. ఒకదానిలో నీరుగా ఉండి మరొకదానిలో తెల్లగా మెరిసేది ఇల్లు కాదు గదా! పైర్ల విషయమూ అంతే. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుము చల్లడం మనవాళ్ల అలవాటు. ఆ సంగతి తెలియనివారు జనవరి చిత్రంలో ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని చూపే సూచీ) పెరగడం చూసి, దాళ్వా (రెండో పంట) వరి వేశారని పటంలో రాసేస్తారు. కోర్సు కంటే ముందు పంటల క్యాలెండరు దగ్గర పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

అరండల్‌పేట_మిర్చి:
సమీప పరారుణాన్ని ఎరుపుగా చూపే ఎఫ్‌సీసీ (కృత్రిమ వర్ణ) కూర్పులో ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రగా కనిపిస్తుంది. గుంటూరు వైపు కొత్తగా నేర్చుకునేవారు డిసెంబరు చిత్రంలో చేలన్నీ ఎర్రబడి ఉండడం చూసి మిరప పండిందనుకుంటారు. పత్తి అయినా, వరి అయినా పచ్చగా ఉంటే ఆ ఎరుపే వస్తుంది. అసలైన మిర్చి ఎరుపు కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల సహజ వర్ణ చిత్రంలో కాయలు ఆరబోసిన కళ్లాలను వెతకాలి. అయితే సెంటినెల్-2లో ఒక పిక్సెల్ 10 మీటర్లు; చిన్న కళ్లం నాలుగైదు పిక్సెళ్లకు మించదు, వాటిలోనూ అంచువి పక్క మట్టితో కలిసి మసకబారుతాయి. గూగుల్ ఎర్త్‌లోని మరింత స్పష్టమైన చిత్రంతో, తేదీ చూసుకుని, సరిపోల్చుకోవాలి. ఇక పత్తిని జూన్, జూలైలలో విత్తుతారు, మిరప నారును ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులలో నాటుతారు కనుక, సెప్టెంబరులో ఆకు కమ్ముకున్న చేను పత్తి కావడానికే అవకాశం ఎక్కువ. ఆ నెలలోనే మబ్బు పట్టి ఉండడం మన ఖర్మ.

కొండపల్లి_నీడ:
నేను విమానం నుంచి తీసిన ఏరియల్ ఫోటోలతో పని నేర్చుకున్న తరం వాడిని. ఒక ఫోటో మీదికి తరువాతి ఫోటో 60 శాతం వరకు వచ్చేలా తీసిన జంటను స్టీరియోస్కోప్ కింద పెడితే గుట్టలు లేచి నిలబడేవి. ఒంటి ఉపగ్రహ చిత్రంలో ఆ సదుపాయం లేదు. నీడను బట్టే ఎత్తుపల్లాలు ఊహించాలి. సెంటినెల్-2 మన మీదుగా ఉదయం 10.30 ప్రాంతంలో వెళ్తుంది. శీతకాలంలో అప్పటికి ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంటుంది, కొండపల్లి గుట్టల నీడ వాయవ్యానికి వాలుతుంది. వెలుగు పైనుంచి వస్తుందనుకోవడం కంటికి అలవాటు కాబట్టి, ఉత్తరం పైకి పెట్టిన చిత్రంలో గుట్టలు లోయలుగా తోస్తాయి. చిత్రాన్ని తలకిందులుగా తిప్పితే భ్రమ తొలగుతుంది. కోర్సు గురించి అడిగారు: 1966లో ఫోటో వ్యాఖ్యాన సంస్థగా మొదలైన డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ) ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నిర్వహిస్తోంది, వాటిని చూడండి.

సింగ్‌నగర్_వాసి:
మబ్బు మాట వచ్చింది కాబట్టి రాడార్ గురించి చెప్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద మా ప్రాంతాన్ని ముంచినప్పటిలాంటి మబ్బు రోజులకు మబ్బును దాటి చూడగల సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలే దిక్కు. నిలకడ నీరు రాడార్ తరంగాలను అద్దంలా అవతలికి తోసేస్తుంది, అందుచేత చిత్రంలో నల్లగా ఉంటుంది. ఇంతవరకు ఏ పాఠంలోనైనా ఉంటుంది. చిక్కల్లా మన ఊళ్లోనే వస్తుంది. ఆ నెలలో నాట్లు పడిన వరి మళ్లలో నీరు నిలిచి ఉంటుంది, అవీ నల్లగానే వస్తాయి. ఇరుకు వీధుల్లో నిలిచిన నీటి మీద పడ్డ తరంగమేమో గోడకు తగిలి తిరిగి ఉపగ్రహం వైపే వెళ్తుంది, కాబట్టి మునిగిన కాలనీ మునుపటికంటే తెల్లగా కనిపించవచ్చు. నలుపంతా వరద అని గీత గీస్తే, క్షేమంగా ఉన్న చేలు మునిగినట్లు, మునిగిన ఇళ్లు క్షేమంగా ఉన్నట్లు పటం తయారవుతుంది. వరదకు ముందు, నాట్లు పడ్డాక, అదే కక్ష్య నుంచి తీసిన చిత్రాన్ని పక్కన పెట్టి, పొలాల్లో కొత్తగా నల్లబడ్డ చోట్లనూ, ఇళ్ల మధ్య కొత్తగా తెల్లబడ్డ చోట్లనూ విడివిడిగా గుర్తించాలి.

పటమట_నివాసి:
అందరికీ ధన్యవాదాలు. రెండు తేదీలు కలిపాక తిన్నెలు చాలావరకు విడిపోయాయి. మరొక సందేహం: 2021, 2023 చిత్రాలను పోలిస్తే తోటలు, పొలాలు, చివరికి కొండ మీది అడవిలో కూడా ఎన్‌డీవీఐ తగ్గినట్లు వస్తోంది. ఇది నిజమేనా?

తెనాలి_మాగాణి:
అన్నిచోట్లా ఒకేసారి తగ్గిందంటే ముందుగా అంకెలనే అనుమానించాలి. 2022 జనవరి 25 నుంచి కొత్త పద్ధతిలో తయారవుతున్న సెంటినెల్-2 చిత్రాలలో ప్రతి విలువకూ 1000 అదనంగా కలిపి ఇస్తున్నారు. ఎన్‌డీవీఐ అంటే సమీప పరారుణ, ఎరుపు బ్యాండ్ల (కాంతి పట్టీల) తేడాను వాటి మొత్తంతో భాగించగా వచ్చేది. ఆ 1000 తీసివేయకుండా లెక్కకడితే రెండు బ్యాండ్ల తేడా మారదు గాని మొత్తం పెరుగుతుంది, సూచీ పడిపోతుంది. 2023 చిత్రంలోని బ్యాండ్ల నుంచి 1000 తీసివేసి మళ్లీ లెక్కించండి. గూగుల్ వారి ఎర్త్ ఇంజిన్‌లో అయితే పేరులో ‘హార్మొనైజ్డ్’ అని ఉన్న సంకలనం తీసుకోండి, అందులో ఆ సవరణ ముందే చేసి ఉంటుంది.