హేచరీ పిల్లలు 25, కుర్రపుంజులు 5: మందలో ఎప్పుడు, ఎలా కలపాలి?

పెరటిగంప (ప్రశ్న):
పెరట్లో 8 పెట్టలు, ఒక పెద్ద పుంజు ఉన్నాయి. కిందటిసారి పిల్లల్లో 5 పుంజులు తేలాయి, వాటికిప్పుడు నాలుగున్నర నెలలు. కూత అందుకున్న దగ్గర్నుంచి పెట్టల్ని నిలవనివ్వడం లేదు. రెండు పెట్టలకు వీపు మీద ఈకలు పోయి చర్మం కనిపిస్తోంది. వచ్చే వారం హేచరీ నుంచి ఆడామగా వేరుచేయని ఒకరోజు పిల్లలు 25 వస్తున్నాయి. బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే దడి) ఎలా సిద్ధం చేయాలి? ఎన్ని వారాలకు మందలో వదలొచ్చు? ఈ పుంజుల్ని ఏం చేయాలి? ఇప్పుడు అన్నిటికీ లేయర్ మేతే (గుడ్లు పెట్టే కోళ్ల మేత) పెడుతున్నాను, పిల్లలకూ అది సరిపోతుందా?

ఊకపొర:
ముందు మేత సంగతి. లేయర్ మేత పిల్లలకూ వద్దు, కుర్రపుంజులకూ వద్దండి. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. గుడ్డు పెట్టని పక్షికి అది అక్కర్లేదు, పైగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకు 8 వారాల దాకా 20 శాతం ప్రొటీన్ ఉన్న చిక్ స్టార్టర్ పెట్టండి. పెద్దవాటికి గ్రోయర్ మేత (ఎదిగే కోళ్ల మేత) వేసి, ఆల్చిప్ప ముక్కలు వేరే గిన్నెలో ఉంచితే పెట్టలు తమకు కావలసినంత తింటాయి.

బ్రూడర్‌కు 4 అడుగుల వ్యాసంతో, 18 అంగుళాల ఎత్తు అట్టతో గుండ్రటి దడి కట్టండి. మూలలుంటే పిల్లలు చలికి అక్కడికే దూరి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. అడుగున 2 అంగుళాల పొడి ఊక, మొదటి 3 రోజులు దాని మీద గోనెపట్టా పరవండి. పట్టా లేకపోతే ఊకనే మేతనుకుని తింటాయి. నున్నటి కాగితం పరిస్తే కాళ్లు జారి చెరో పక్కకు విడిపోతాయి.

పిల్ల వీపు ఎత్తులో వేడి మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున బల్బు పైకెత్తి తగ్గిస్తూ పోవాలి. ఎల్‌ఈడీ బల్బుతో వేడి రాదు, ఫిలమెంట్ బల్బే కావాలి. రెండు పెట్టండి, రాత్రిపూట ఒకటి మాడినా రెండోది కాస్తుంది. క్లిప్పును నమ్మకుండా గొలుసుతో కట్టండి, బల్బు ఊకలో పడితే నిప్పు అంటుకుంటుంది. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కిందే గుంపుకడితే చలి, దడి వెంబడి నోరు తెరుచుకుని నిలబడితే వేడి ఎక్కువ.

దించగానే ఒక్కో పిల్ల ముక్కును గోరువెచ్చటి నీళ్లలో ముంచండి, మేత ఆ తర్వాతే. నీళ్లగిన్నెలో గులకరాళ్లు వేస్తే మునిగిపోవు. మొదటి రాత్రి మెడ కింద మేతసంచిని వేలితో తాకి చూడండి. మెత్తగా నిండుగా ఉంటే బాగున్నట్టు. గట్టిగా తగిలితే నీళ్లు తాగలేదు, ఖాళీగా ఉంటే మేత దొరకలేదు. వెనక భాగంలో రెట్ట ఎండి అతుక్కుంటే తడి దూదితో నానబెట్టి తుడవండి, లాగితే చర్మం ఊడుతుంది. పొట్ట మీద ఎండిన బొడ్డును రెట్ట అనుకుని గిల్లొద్దు.

తొలికూత:
8 పెట్టలకు ఒక పుంజు సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడున్నవి 6, అందుకే పెట్టలు నలుగుతున్నాయి. ఈ 5 పుంజుల్నీ ఇవాళే వేరు చేయండి. పెట్టలు కంటికి కనపడని చోట ఒక్కోదానికి 10 చదరపు అడుగుల చొప్పున దడి కట్టి, మేతతొట్లు రెండు మూడు దూరదూరంగా పెట్టండి. పెట్టలు లేకపోతే కలిసి పెరిగిన పుంజులు చాలావరకు సర్దుకుంటాయి. మెడ ఈకలు నిక్కించుకుని రెండు మూడు తన్నులు తన్నుకుంటే పట్టించుకోనక్కర్లేదు. రక్తం కనిపిస్తే మాత్రం ఆ పుంజును వెంటనే తీసేయాలి, మిగతావి అక్కడే పొడుస్తాయి. వారం తర్వాత తిరిగి కలిపితే పెద్దరికం కోసం మళ్లీ మొదటి నుంచీ పోరే.

ఏది ఉంచుకోవాలో 4 నెలలప్పుడు తేల్చకండి, 7 నెలల దాకా చూడండి. మేత దొరికితే కొక్కొక్కుమని పెట్టల్ని పిలిచి, తను ఆగేదే మంచి పుంజు. మనిషి మీదికి ఎగిరేది ఎంత అందంగా ఉన్నా వద్దు, ఆ గుణం దాని పిల్లలకూ రావచ్చు.

పెరటిగంప:
కొత్త పిల్లల్లో పుంజులు ఎప్పుడు తెలుస్తాయి? మందలో కలపడం ఎలా?

ఊకపొర:
సగానికి దగ్గరగా పుంజులే ఉంటాయి, చోటు ఇప్పుడే చూసుకోండి. చాలా జాతుల్లో 6 నుంచి 8 వారాలకు పుంజుపిల్ల జుట్టు ఎర్రబడుతుంది. నిక్కచ్చిగా తెలియాలంటే 12 వారాలకు తోక మొదట్లో ఈకలు చూడండి: పెట్టకు కొస గుండ్రంగా, పుంజుకు సన్నగా మొనదేలి ఉంటుంది.

8 వారాల లోపు కలపొద్దు. అప్పుడైనా ముందు రెండు వారాలు మధ్యలో వల ఉంచి, ఒకదానికొకటి కనపడేలా పెట్టండి. ఆ తర్వాత పిల్లలు మాత్రమే దూరగల సందు తెరిస్తే, పెద్దవి తరిమితే పారిపోవడానికి చోటుంటుంది.

వల కంటే ముందు చూసుకోవాల్సింది జబ్బు. పైకి బాగున్న పెద్దకోళ్ల రెట్టలో కాక్సీడియా (పేగుల్ని దెబ్బతీసే పరాన్నజీవి) ఉండొచ్చు, అందుకే రోజూ ముందు పిల్లల పని ముగించి, ఆ తర్వాతే మందలోకి వెళ్లండి. చెప్పులు రెండుచోట్లకూ వేరువేరు. 3 నుంచి 6 వారాల మధ్య పిల్లలు ముడుచుకుని, రెట్టలో రక్తం కనిపిస్తే సాయంత్రం దాకా ఆగొద్దు. కాక్సీడియాకు వాడే 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు కలిపి 5 రోజులివ్వండి, వేరే నీళ్లు పెట్టొద్దు. ఆ రోజుల్లో బి1 ఉన్న విటమిన్ టానిక్ ఇస్తే మందు పనిచేయదు. తడిసిన ఊక ఆ రోజే తీసేయాలి, జబ్బు పెరిగేది ఆ తడిలోనే. మారెక్స్ (కోళ్లకు వచ్చే వైరస్ జబ్బు) టీకా హేచరీలో మొదటి రోజే వేయాలి, పిల్లలు బయల్దేరేలోపు అడిగి వేయించండి.