చైనా విద్యార్థులకు ‘అండర్‌టేక్’ ఎలా నేర్పాలి?

ప్రశ్న:
ఐఈఎల్‌టీఎస్‌కి తయారవుతున్న చైనా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో రైటింగ్ చెబుతున్నాను. ‘అండర్‌టేక్’ను ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తున్నారు. ‘ద కంపెనీ షుడ్ అండర్‌టేక్ ద లాస్’, ‘హి అండర్‌టేక్స్ ఎ మేనేజర్’... అర్థం ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అవే వాక్యాలు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు 1:
వాళ్లు ఆ మాటను ‘ఛెంగ్‌దాన్’ అనే చైనీస్ క్రియతో జతచేసి గుర్తుపెట్టుకుంటారు. చిక్కంతా అక్కడే. ఆ క్రియ పనికీ, ఖర్చుకీ, నష్టానికీ, పర్యవసానానికీ అన్నిటికీ చెల్లుతుంది. మనకైతే పని చేపట్టడం వేరు, ఖర్చు భరించడం వేరు. ఇంగ్లిష్‌లోనూ అంతే. అండర్‌టేక్ తర్వాత పూనుకుని చేసే పని రావాలి: రీసెర్చ్, సర్వే, రిపేర్లు, ప్రయాణం. నెత్తిన పడేవాటికి, అంటే కాస్ట్స్, లాస్, కాన్సీక్వెన్సెస్‌కి ‘బేర్’ వాడించండి. రెస్పాన్సిబిలిటీ దగ్గర మాత్రం మరీ పట్టుపట్టకండి. అండర్‌టేక్ అన్నా తప్పు కాదు, ‘టేక్’ ఇంకా సహజం.

మేనేజర్ వాక్యానిది వేరే దారి. ‘దాన్‌రెన్’ అనే క్రియ తర్వాత పదవి పేరు నేరుగా వస్తుంది, దాన్నే ఇక్కడికి దించారు. ‘వర్క్స్ యాజ్ ఎ మేనేజర్’ అని దిద్దండి.

జవాబు 2:
రెండో అర్థాన్ని వదిలేయకండి: రాతపూర్వకంగానో, అధికారికంగానో మాట ఇవ్వడం. ‘ద సెల్లర్ అండర్‌టేక్స్ టు రిప్లేస్ డ్యామేజ్డ్ గూడ్స్’. ఈ అర్థంలో తర్వాత ‘టు’తో క్రియ వస్తుంది, ‘రిప్లేసింగ్’ అంటే తప్పు. మన కాలేజీల్లో, బ్యాంకుల్లో రాయించుకునే అండర్‌టేకింగ్ లాంటిదే వాళ్లకూ ఉంది, ‘ఛెంగ్‌నోషూ’ అంటారు. ఆ పేరు చెబితే ఇట్టే పట్టుకుంటారు. రాత్రికి ఫోన్ చేస్తానని స్నేహితుడికి చెప్పడానికి ‘ప్రామిస్’ చాలు.

జవాబు 3:
పై రెండూ వచ్చాక రూపాలు చూడండి. చైనీస్ క్రియ కాలాన్ని బట్టి మారదు కాబట్టి ‘అండర్‌టేక్డ్’ అని రాస్తారు, లేదంటే ‘ఎ స్టడీ వాజ్ అండర్‌టుక్’ అంటారు. అక్కడ ‘అండర్‌టేకెన్’ రావాలి.

అభ్యాసానికి 12 నామవాచకాలు కలగలిపి ఇచ్చి అండర్‌టేక్, బేర్, డూ అనే మూడు గడుల్లో వేయించండి. హోంవర్క్, అంట్లు తోమడం లాంటివి తప్పకుండా ఉండాలి. ఈ మాట బరువైనదని, చిన్న పనులకు నప్పదని అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పని చేపట్టిన మనిషిని ‘అండర్‌టేకర్’ అని రాసింది ఒకమ్మాయి. అలా అనొచ్చా?

జవాబు 3:
వద్దు. ఆ మాటకు ఇప్పుడు అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాడనే అర్థం. ‘ద టీమ్ దట్ అండర్‌టుక్ ద స్టడీ’ అని విడదీసి రాయించండి.