సైనిక ఆసుపత్రిలో ప్యానెల్ కాలిపోతే టెండరు పిలవాలా, నేరుగా కొనాలా?

నాగావళి తీరం (శ్రీకాకుళం):
మా అన్నయ్య మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి నరసన్నపేటలో స్థిరపడ్డాడు. రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడి ఇద్దరం ఒక పాత సంగతి మీద గొడవపడ్డాం. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేదాకా వెళ్లింది. ఆయన పనిచేసిన ఊళ్లో, మన రాష్ట్రం బయట, సైనిక ఆసుపత్రి మెయిన్ ప్యానెల్, అంటే ఆసుపత్రి మొత్తానికి కరెంటు పంచే పెద్ద బోర్డు, ఒక రాత్రి కాలిపోయింది. టెండరు లేకుండా ఒకే తయారీదారు దగ్గర కొత్తది కొన్నారు. ఏడాది తరువాత ఆడిట్ వాళ్లు ఫైలు పట్టుకున్నారు. అన్నయ్య దృష్టిలో అది ఆడిట్ చాదస్తం. ప్రాణాపాయం అనగానే ఖజానా తలుపులు బార్లా తెరవాలా అని నేను. జనరేటర్ ఉంది కదా, దాంతో నడుపుతూ టెండరు పిలవచ్చు కదా?

ఉద్దానం కొబ్బరి:
జనరేటర్ మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు 2018 అక్టోబరులో మా ఊళ్లో ఉండాల్సింది. 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వరుసగా పడుకున్నాయి. మా వీధికి అద్దె జనరేటర్ వస్తే ఫోన్ల ఛార్జింగుకు, ట్యాంకులోకి నీళ్లు ఎక్కించుకోవడానికి జనం బారులు తీరారు. నాలుగో రోజుకు డీజిల్ లేక అదే మూలన పడింది. ఆసుపత్రిని నెలల తరబడి దాని మీద నడపమంటే నేను ఒప్పుకోను. కొనాల్సిందే, అదీ ఆ వారమే.

కోట వీధి లెక్కలు (విజయనగరం):
ఖజానా శాఖలో జీవితమంతా బిల్లులు వెనక్కి పంపినవాణ్ణి, కాబట్టి చాదస్తం తరఫున మాట్లాడతాను. నియమాలు అడ్డుపడతాయన్న మాటే తప్పు. కేంద్రం సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 166వ నియమం అత్యవసరమైతే ఒకే సంస్థ దగ్గర కొనడానికి వీలిస్తుంది. బహిరంగ టెండరుకు మామూలుగా మూడు వారాల గడువు ఇవ్వాలి. ఈ రెండింటికీ మధ్య పరిమిత టెండరు ఉంది, అంటే తెలిసిన కొద్దిమందికి కబురు పెట్టి ధరలు తెప్పించుకోవడం. మామూలు పరిమితిని మించిన మొత్తానికి అత్యవసరం పేరుతో ఆ దారి పట్టాలంటే, ఆ అవసరాన్ని ముందుగా ఎందుకు ఊహించలేకపోయారో ఫైలులో రాయాలి. సైన్యానికి వేరే కొనుగోలు మాన్యువల్ ఉన్నా అడగాల్సిన ప్రశ్న ఇదే. నా అనుభవంలో అక్కడ అందరూ రాసేది ‘అనుకోని పరిస్థితి’ అని. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో మా బల్ల మీదికి వచ్చే అనుకోని పరిస్థితులకు లెక్కే ఉండేది కాదు.

పెద్దన్న (నరసన్నపేట):
తమ్ముడూ, క్యూలో సగం విని ఇక్కడ పెట్టావు. జనరేటర్ ఉంది, వెంటనే స్టార్ట్ అయింది కూడా. షెడ్డులో దడదడమంటూ తిరుగుతోంది, వార్డుల్లో మాత్రం చీకటి. జనరేటర్ కేబులు కూడా ఆ ప్యానెల్‌లోకే వెళ్తుంది మరి. కాలింది బస్‌బార్, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చినా జనరేటర్ నుంచి వచ్చినా కరెంటును అన్ని వైపులకూ పంచే పట్టీ. రెండు కాలువల నీళ్లూ ఒకే మదుములోంచి పోవాలి, ఆ మదుమే కూలింది.

ఐసీయూలో వెంటిలేటర్లు సొంత బ్యాటరీ మీద నడుస్తున్నాయి. వాటిలో ఒకటి ఆగిపోయింది. ఒక నర్సు మంచానికి మోకాలు ఆనించి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ రోగికి ఊపిరి అందిస్తోంది. పెదవులతో లెక్క పెట్టుకుంటోంది. మేము స్టోరులోని లావుపాటి కరెంటు కేబులు భుజాన వేసుకుని, మెట్ల మీదుగా లాగి, జనరేటర్ నుంచి నేరుగా ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ బోర్డులకు కలిపాం. నలభై నిమిషాలు పట్టింది. లైట్లు వెలిగాక కూడా ఆమె చేయి కాసేపు నొక్కుతూనే ఉంది.

ఆ కేబులు వరండాలో నేల మీద పడి ఉంది. వానాకాలం. స్ట్రెచర్ చక్రాలు దాని మీదుగా ఎక్కి దిగుతున్నాయి. అలాంటప్పుడు టెండరుకు మూడు వారాలు, తయారీకి మరికొన్ని వారాలు ఆగమంటారా? ప్యానెల్ అంగట్లో దొరికే ఫ్యాను కాదు. గది కొలతలు, బ్రేకర్ సామర్థ్యం చూసి చేయించుకోవాలి. పాతది చేసినవాళ్ల దగ్గర డ్రాయింగులు ఉన్నాయి, అందుకే వాళ్లనే అడిగారు.

కోట వీధి లెక్కలు:
పెద్దన్న గారూ, ఆ రాత్రి మీరు చేసిన పనికి దండం. ఆ కేబులు బిల్లు నా దగ్గరకు వస్తే కళ్లు మూసుకుని పాస్ చేసేవాణ్ణి, నా సర్వీసులో అలా ఎన్నడూ చేయకపోయినా. ప్యానెల్ దగ్గరే ఆగుతాను. పాత తయారీదారు చెప్పిన ధర సరైనదేనని ఎలా తెలిసింది? మరో ఇద్దరిని ఫోనులో కనుక్కోవడానికి ఒక్క పూట చాలు. ఇంకో సంగతి. మా అబ్బాయి డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, ఇంజినీరు. బస్‌బార్ ఒక్క రాత్రిలో కాలడం అరుదు, ఎక్కువగా జాయింటు బోల్టు వదులై, వేడెక్కి, రంగు మారి, చాలాకాలం చెప్పి చెప్పి కాలుతుంది అంటున్నాడు.

ఉద్దానం కొబ్బరి:
ఇప్పుడు అసలు ప్రశ్న పడింది.

నాగావళి తీరం:
అన్నయ్యా, దీనికి జవాబు చెప్పు. అరసవల్లిలో సరిగ్గా ఇక్కడికి రాగానే ప్రసాదం కౌంటర్ వైపు తిరిగిపోయావు.

పెద్దన్న:
లెక్కల గారి అబ్బాయి చెప్పింది నిజం. వానలకు ముందు తనిఖీలో ఆ జాయింటు దగ్గర పట్టీ నల్లబడి ఉండటం నేనే చూశాను. బిగించాలంటే ఆసుపత్రికి రెండు గంటలు సరఫరా ఆపాలి. అందుకు తేదీ దొరకలేదు. ఒకసారి ఆపరేషన్లు ఉన్నాయన్నారు, ఇంకోసారి ఎవరో పెద్దాయన తనిఖీకి వస్తున్నారన్నారు. రిజిస్టరులో రెండుసార్లు రాశాను, మూడోసారి రాయలేదు. ధర విషయంలో మీ మాటే సరి, మరో ఇద్దరిని అడగాల్సింది. కొనడం తప్పని మాత్రం ఇప్పటికీ అనను.

ఆడిట్ వాళ్లు కొనుగోలు ఫైలు ఒక్కటే అడిగారు. రిజిస్టరు అడగలేదు. మేమూ చూపించలేదు.