రిమాండ్ ఖైదీలకు డిగ్రీ చదువు: మన జైళ్లలో ఇవ్వాలా, వద్దా?

పటమట:
జైల్లో చదువు అనగానే శిక్షపడి సెంట్రల్ జైల్లో ఉన్నవాళ్లే గుర్తొస్తారు. కానీ 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే రిమాండులో ఉన్నవాళ్లే. నేరం రుజువు కాలేదు, బెయిలూ దొరకలేదు. విజయవాడ, గుంటూరు జైళ్లలో ఉన్న ఇలాంటివాళ్లకి కూడా డిగ్రీ చదివే వీలుండాలని నా వాదన. మీరేమంటారు?

మిర్చి యార్డు, గుంటూరు:
నేను ఒప్పుకోను. ఘాటుకి కళ్లు మండుతున్నా మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసి కొడుకుని ఇంజనీరింగ్ చదివిస్తున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు హాల్ టికెట్ ఆపితే, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. లోపలున్నవాడికేమో ఉచితమా?

బ్రాడీపేట మాస్టారు:
తమ్ముడూ, మీ కోపం న్యాయమైనదే. మీ అబ్బాయి ఫీజు మీకు రావాల్సిన బాకీ. కానీ ఖైదీ పుస్తకం లాక్కుంటే ఆ బాకీ తీరదు. అమెరికాలో ఇదే మాట మీద 1994లో ఖైదీలకు పెల్ గ్రాంట్లు, అంటే పేద విద్యార్థుల కాలేజీ చదువుకి ప్రభుత్వమిచ్చే సాయం, ఆపేశారు. ఆ గ్రాంట్ల మొత్తంలో వాళ్లకి వెళ్లేది ఒక శాతం కూడా కాదు. చివరికి 2023 జూలైలో మళ్లీ తెరిచారు. జైల్లో చదువుకున్నవాళ్లు తిరిగి జైలుకొచ్చే అవకాశం 43 శాతం తక్కువని అక్కడి ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2013లోనే లెక్కగట్టింది.

నా అనుభవం ఒకటి చెప్తాను. రిమాండులో ఉన్న నా పాత విద్యార్థికి నోట్సు పట్టుకెళ్లాను. స్పైరల్ తీగ ఉందని గేటు దగ్గర వద్దన్నారు. అది వాళ్ల డ్యూటీ, తప్పుపట్టను. ఇంటికి తెస్తే మా ఆవిడ పూలు కట్టే దారంతో కుట్టిచ్చింది. నెల తర్వాత ములాఖత్‌లో చూస్తే ప్రతి పేజీ అంచులోనూ సన్నటి అక్షరాలతో లెక్కలే. తెల్లకాగితం అయిపోయిందట.

గవర్నరుపేట లాయర్:
మాస్టారూ, 43 శాతం మాట కాస్త జాగ్రత్తగా వాడండి. చదవడానికి ముందుకొచ్చేవాడు అప్పటికే మారాలనుకున్నవాడై ఉండొచ్చు. నాకైతే 1977 నాటి సుప్రీంకోర్టు గియాసుద్దీన్ తీర్పు చాలు. అది మన ఆంధ్రప్రదేశ్ కేసే. ఖైదీని బాగుచేసి పంపాలని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా చెప్పారు. శిక్షపడ్డవాడికే అలా అన్నప్పుడు, శిక్షే పడనివాడికి వద్దనడానికి మనమెవరం? నా టెన్షనల్లా వేరే. రిమాండ్ ఖైదీ ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికీ తెలీదు. మధ్యలో బెయిలొస్తే అడ్మిషన్ ఏమవుతుంది?

బ్రాడీపేట మాస్టారు:
అందుకే ఓపెన్ డిగ్రీ. ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీలో, డిగ్రీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఖైదీలకు ఫీజు మినహాయింపు ఇచ్చిందీ ఇగ్నోనే. బయటికొచ్చాక స్టడీ సెంటర్ మార్చుకోవచ్చు. విజయవాడలో రీజినల్ సెంటర్ ఉంది.

మిర్చి యార్డు, గుంటూరు:
నా మాట నాదే మాస్టారూ. ముందు మా పిల్లల బాకీ తీర్చాలి. కానీ నేరం రుజువు కాలేదన్నది నేను ఆలోచించలేదు. ఇంతకీ ఆ కుర్రాడు పాసయ్యాడా?

బ్రాడీపేట మాస్టారు:
రెండు పేపర్లు పాసయ్యాడు. మూడో పేపరు రోజే కోర్టు వాయిదా. ఎస్కార్ట్ పోలీసులు అతన్ని కోర్టుకి తీసుకెళ్లారు, పరీక్ష పోయింది. ఆ జైల్లోనే పరీక్షా కేంద్రం ఉండి, తేదీలు కోర్టుకి ముందే తెలిపి ఉంటే సరిపోయేది. నేను అడిగేది ఆ రెండే తమ్ముడూ.