చేతితో గీసే యానిమేషన్‌కూ, ధ్వనికి స్పందించే దృశ్యాలకూ ఒకే సాఫ్ట్‌వేర్ సరిపోతుందా?

ప్రశ్న

నేను వృత్తిరీత్యా చిత్రకారుడిని. ఎనిమిదేళ్లుగా ఒక్కొక్క ఫ్రేమునూ చేతితో గీస్తూ రెండు మూడు నిమిషాల యానిమేషన్లు చేస్తున్నాను. ఇన్నాళ్లూ వాడిన సాఫ్ట్‌వేర్ నెలవారీ చందా మీద నడిచేది. ఒక నెల చందా కట్టకపోయేసరికి నేను గీసిన ఫైళ్లే నాకు తెరుచుకోలేదు. అప్పుడే దానిని వదిలేయాలని నిర్ణయించుకున్నాను. ఈలోగా ఒక నృత్య బృందం వారు, వేదిక వెనుక తెరపై వాద్యాల ధ్వనిని బట్టి అప్పటికప్పుడు మారే దృశ్యాలు చేసిపెట్టమని అడిగారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. నోడ్లను, అంటే ఒక్కో పని చేసే చిన్న పెట్టెలను, తీగలతో కలుపుకుంటూ పోతే చాలు, కోడ్ రాయనవసరం లేదని చెప్పే పరికరాల గురించి విన్నాను. బ్లెండర్, ఓపెన్‌టూన్జ్, టచ్‌డిజైనర్ అనే మూడు పేర్లు తరచుగా వినిపిస్తున్నాయి. ఈ రెండు పనులకూ ఒక్కటే సరిపోతుందా, లేక రెండు నేర్చుకోక తప్పదా?

సమాధానం 1

రెండు నేర్చుకోక తప్పదనే నా అభిప్రాయం. మీరు గీసే యానిమేషన్‌లో కాలం మీ చేతిలో ఉంటుంది: సెకనుకు 24 ఫ్రేములున్నా, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే 12 బొమ్మలతో సరిపెట్టుకోవచ్చు, ఒక్క బొమ్మ మీద పూట గడిచినా అడిగేవారుండరు. వేదిక మీద అలా కుదరదు. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేమును దాదాపు 16.7 మిల్లీసెకన్లలో యంత్రం తయారుచేసి తీరాలి. మొదటి పనికి ఫ్రేములను వరుసగా పేర్చే టైమ్‌లైన్ కావాలి, రెండవదానికి ఎడతెగకుండా ప్రవహించే డేటా కావాలి.

గీసే పనికి నేను ఓపెన్‌టూన్జ్ వైపే మొగ్గుతాను. జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ వాడుతూ వచ్చిన టూన్జ్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2016లో ద్వాంగో సంస్థ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయగా వచ్చినదిది. ఇందులో రంగులు బొమ్మలో కాక పాలెట్‌లో నిలిచి ఉంటాయి కాబట్టి, పాత్ర చొక్కా రంగు నచ్చలేదనుకుంటే పాలెట్‌లో ఒక్కచోట మార్చగానే ఆ పాలెట్ వాడిన బొమ్మలన్నింటిలోనూ మారిపోతుంది. చేతితో వందల బొమ్మలకు రంగులు వేసినవారికి దీని విలువ వేరే చెప్పనవసరం లేదు. అయితే మొదటి వారం దాని తెరను చూస్తే విసుగు పుట్టడం ఖాయం. కుంచె తడి, కాగితపు గరుకుదనం మీకు ముఖ్యమైతే, 3.0 వెర్షన్ నుంచి యానిమేషన్ సదుపాయమున్న క్రీటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌ను చూడండి. కెమెరా బొమ్మల మధ్యగా కదలాలంటే మాత్రం బ్లెండర్‌లో గీతలు గీసే పరికరమైన గ్రీజ్ పెన్సిల్‌కు సాటి లేదు. గీసిన గీతను ఆ తరువాత కూడా పట్టుకుని వంచవచ్చు.

సమాధానం 2

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే, "కోడ్ అవసరం లేదు" అన్న మాట దగ్గర మిమ్మల్ని కాస్త ఆపుతాను. నోడ్లు కూడా ప్రోగ్రామింగే. అక్షరదోషాలు, మరచిపోయిన సెమికోలన్లు ఉండవు గానీ, షరతులు, పునరావృత్తులు, ఏది ముందు ఏది వెనుక అన్న ఆలోచన ఎక్కడికీ పోవు. దీనికి సిద్ధపడితే, నోడ్లతో నడిచే టచ్‌డిజైనర్ మీ రెండవ పనికి చక్కగా సరిపోతుంది.

మొదటిసారి అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మైకు నుంచి వచ్చిన ధ్వని తీవ్రతను తిన్నగా ఆకారపు పరిమాణానికి కలిపేస్తారు, దాంతో తెర మీద బొమ్మ గజగజ వణుకుతుంది. ధ్వనిని తీసుకునే నోడ్ తరువాత దాని సగటు శక్తిని కొలిచే అనలైజ్ నోడ్, ఆ తరువాత మార్పులను మెత్తబరిచే లాగ్ నోడ్ పెట్టి, చివరన పరిమాణానికి కలపండి. పెరిగేటప్పుడు త్వరగా, తగ్గేటప్పుడు నిదానంగా ఉండేలా లాగ్ విలువలు ఇస్తే మృదంగపు దెబ్బ కంటికి కూడా దెబ్బలాగే కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక: టచ్‌డిజైనర్ ఉచిత కూర్పు వాణిజ్యేతర వాడకానికి మాత్రమే, చిత్ర పరిమాణం కూడా 1280×1280 దాటదు. నృత్య బృందం వారు పారితోషికం ఇస్తుంటే లైసెన్సు కొనవలసిందే. లినక్స్‌లో పనిచేయదు.

సమాధానం 3

ఫైళ్లు తెరుచుకోని బాధ మీరు స్వయంగా పడ్డారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. బ్రౌజర్లలో యానిమేషన్లు ఆడించిన ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు 2020 డిసెంబరు 31న ఆగిపోయింది, 2021 జనవరి 12 నుంచి అందులోని అంశాలు ఆడకుండా నిరోధించారు; దాని కోసం చేసిన పనులను ఇప్పుడు రఫుల్ వంటి ఎమ్యులేటర్లలో, అంటే ఫ్లాష్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్లలో, చూడవలసి వస్తోంది. బ్లెండర్ కథ ఇందుకు భిన్నమైనది. 2002లో లక్ష యూరోల విరాళాలు పోగుచేసి దాని కోడ్‌ను, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేశారు, కనుక దానిని ఎవరూ తాళం వేసి దాచుకోలేరు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, ప్రాజెక్టు ఫైలుతో పాటు పీఎన్‌జీ చిత్రాల వరుసనూ, వేవ్ ధ్వని ఫైలునూ విడిగా భద్రపరచండి.

మొదటి సమాధానంతో ఒక్క విషయంలో విభేదిస్తాను. రెండు సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నంత మాత్రాన రెండు పనులనూ వేరువేరుగా చూడనక్కరలేదు. మీరు గీసిన నాట్య భంగిమల చిన్న చిన్న ఆవృత్తులను (మళ్లీ మళ్లీ తిరిగే లూప్‌లను) నేపథ్యం లేకుండా పీఎన్‌జీలుగా తీసి, పారదర్శకతను నిలుపుకునే హాప్ ఆల్ఫా అనే వీడియో రూపంలోకి మార్చి టచ్‌డిజైనర్‌లోకి తెచ్చుకోండి. హాప్‌ను విప్పే పనిలో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది కాబట్టి ప్రాసెసర్ మీద భారం తక్కువ. ధ్వని ఆ ఆవృత్తుల వేగాన్ని నడిపిస్తుంది, గీత మాత్రం మీదే ఉంటుంది. నోడ్లతో పుట్టించిన ఆకారాలు ఎవరివైనా ఒకేలా కనిపిస్తాయన్న అసంతృప్తి కూడా ఇలా తీరుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. చివరి సూచన నాకు బాగా నచ్చింది. ఒక సందేహం: నా ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. గీయడానికి ఇబ్బంది లేదు గానీ, వేదిక మీద ఇది నిలుస్తుందా?

సమాధానం 2 రాసినవారి నుంచి

టచ్‌డిజైనర్‌లో చిత్రాలకు సంబంధించిన నోడ్లన్నీ దాదాపుగా గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తాయి కాబట్టి ప్రదర్శనకు మీ ల్యాప్‌టాప్ నమ్మదగినది కాదు. ఇంట్లో నేర్చుకోవడానికి చిన్న పరిమాణంలో అదే వాడండి. ప్రదర్శన రోజుకు మాత్రం మంచి కార్డున్న యంత్రాన్ని ఆ బృందాన్నే ఏర్పాటు చేయమనండి. మీ ఫైలును కనీసం రెండు రోజుల ముందు అందులో తెరిచి, పూర్తి నిడివి పాటు ఆపకుండా నడిపి చూడండి.